రంగు కింది తుప్పు

కీలు పని ఒక్కటే మిగిలింది. తక్కిన నడకవంతెన నమూనా అంతా, కూలిపోవడానికి ముందు నాటి రూపంతో, కిటికీ పక్కనున్న పొడవాటి బల్లమీద నిలిచి ఉంది. పలకల మీద పాదాల అరుగుదల, చేతిపట్టాల మీద అరచేతుల జిడ్డు, నీటికి దగ్గరగా ఉన్న కమ్మీల మీద నాచు. ఇవన్నీ అతడు పొర మీద పొరగా, ఓపికగా పట్టించాడు. ఆ కార్ఖానాలో తక్కినవారు కోస్తారు, అతుకుతారు, నునుపు చేస్తారు. కొత్తదానికి వయసు తెచ్చే పని మాత్రం అతనిది. అందుకే అందరూ అతన్ని తుప్పు మాస్టారు అంటారు.

అసలు వంతెన ఒడ్డునూ, నీటిమీద తేలే పడవల తిన్నెనూ కలిపేది. వానల్లో, జనం కిక్కిరిసిన ఒక ఉదయం, ఒడ్డు వైపు కీలు తెగి, మనుషులతో సహా నీటిలోకి ఒరిగిపోయింది. విచారణ సంఘం వారు నమూనా చేయించమన్నారు. అప్పటికే వంతెన ముక్కలు పాత ఇనుము కొట్టుకు చేరి, కొలిమిలో కరిగి రూపు మాసిపోయాయి. మిగిలినవి ఛాయాచిత్రాలే. వాటిలో ఒక్కదానిలోనూ కీలు కిందిభాగం పడలేదు.

తుప్పు మాస్టారు భూతద్దం పట్టుకుని ఆ చిత్రాలను మళ్లీ వెతుకుతూ ఉండగా యజమాని వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏమయ్యా మాస్టారూ, ఇంకా ముస్తాబు కాలేదా? రేపు పొద్దున్నే బండి వస్తోంది."

"కీలు కింద ఎలా ఉండేదో తెలియడం లేదండీ. ఫోటో లేదు."

"ఫోటో లేకపోతే నీ చెయ్యి లేదా? నీళ్ల పక్కన ఇనుము. ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?"

"ఒకసారి ఆ వంతెన నడిపే కంపెనీ వాళ్లని అడిగితే..."

"అడిగితే కాగితాల మీద కాగితాలు పంపిస్తారు. ఈలోగా విచారణ అయిపోయి, మన మనవలు కూడా మనవల్ని ఎత్తుకుంటారు. వేసెయ్యి బాబూ!"

మాస్టారు రంగుపొడుల సీసాలను వరుసగా ముందుకు జరుపుకున్నాడు. నారింజ ఛాయ ఉన్న సీసాను ముందే పక్కన పెట్టాడు. అది నిన్నమొన్నటి తుప్పు. మొదటి వానకు పుట్టి, గోరు తగిలితే పోయేది. కీలు వంటి చోట, బరువూ తడీ కలిసి నిత్యం నలిగే చోట, తుప్పు ముదిరి కాల్చిన కాఫీగింజ రంగుకు వస్తుందని అతనికి తెలుసు. ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌లో బాగా పలచన చేసి, అప్పటికే పచ్చరంగు వేసి ఆరిన కీలు మీద, కుంచె కొసతో బోల్టు తలకు ఆనించాడు. రంగునీరు తనంతట తానే దారి వెతుక్కుని బోల్టు చుట్టూ తిరిగి, మూలల్లోకి ఇంకింది. అది ఆరే లోపు, దాదాపు పొడిగా ఉన్న మరో కుంచెతో కిందికి చారలు లాగాడు. వాన ఎటు జారుతుందో చార అటే జారాలి. ఆపైన పొడిని వేలికొనతో అద్దాడు. చివరగా అంచున ఒకే ఒక్క చోట, ఎక్కడో గీసుకుపోయినట్టు, ఆ నారింజ రంగును చుక్కంత తాకించాడు.

తుప్పు ఎక్కడ పడుతుందో అతని చేతికి తెలుసు. చేతికి తెలిసిన చోట కంటిని అడగకపోవడం ఆ వృత్తి మాత్రమే నేర్పే దోషం.

యజమాని వంగి చూసి, భయపడినట్టు వేలు వెనక్కి తీసుకున్నాడు. "అబ్బబ్బ! ముట్టుకుంటే సూదిమందు వేయించుకోవాలి!"

బల్లల దగ్గర అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, కుంచె కడుక్కున్నాడు.

మర్నాడు విచారణ మందిరంలో నమూనాను మధ్యబల్ల మీద అమర్చి, విడి భాగాలను చీలలతో బిగించి, అతడు వెనక వరుసలో కూర్చున్నాడు. పని అప్పగించి వెళ్లిపోవచ్చు. కానీ తన చేతి పనిని పదిమంది ఎలా చూస్తారోనన్న చిన్న ఆశ అతన్ని ఆపింది.

ముందు వరుసల్లో మృతుల తాలూకు వారు కూర్చున్నారు. ఒకామె ఒడిలో పిల్లవాడి చెప్పుల జత ఉంది. ఆమె వాటిని ఎవరికీ చూపడం లేదు, ఊరికే పట్టుకుని ఉంది. ఎడమ పక్క గోడవారగా, విడిగా వేసిన కుర్చీలో, గళ్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్న వయసు మళ్లిన మనిషి ఒకడున్నాడు. వంతెన కీళ్లకు గ్రీజు పెట్టే మనిషి అతడే. గోళ్ల సందుల్లోని నలుపు ఎంత తోమినా పోనట్టుంది. చేతులు మోకాళ్ల మధ్య దాచుకున్నాడు.

కంపెనీ ఇంజనీరు సన్నని కర్ర తీసుకుని లేచాడు. నమూనా చుట్టూ తిరిగి, కీలు దగ్గర ఆగి, సంఘం అధ్యక్షుణ్ణి వంగి చూడమని కోరాడు.

"అయ్యా, ఈ పచ్చరంగు చూడండి. మేం సకాలంలో వేయించినది. ఇప్పుడు దాని మీదుగా దిగిన ఈ తుప్పు చూడండి. ఎంత ముదిరిందో చూడండి. రంగు వేశాక ఇంత తుప్పు పట్టిందంటే, గ్రీజు డబ్బా ఆ దిక్కుకే వెళ్లలేదన్నమాట. మేం చేయవలసింది మేం చేశాం. చేయవలసిన ఒక్క మనిషి చేయలేదు."

అధ్యక్షుడు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. "పని చాలా సహజంగా ఉంది" అన్నాడు. "ఆ ఇనుమును కళ్లారా చూసినట్టే ఉంది."

వెనక వరుసలో తుప్పు మాస్టారికి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లలో అంత పెద్ద మెప్పు అతనికి దక్కలేదు. కానీ ఆ ఇనుమును తాను చూడనే లేదు.

"ఏమయ్యా, గ్రీజు పెట్టావా?" అని అధ్యక్షుడు గోడవారగా ఉన్న మనిషిని అడిగాడు.

"పెట్టేవాణ్ణండి. రంగు వేసేదాకా రోజూ పెట్టానండి. ఆ తరవాత..."

"వానల ముందు పెట్టావా, లేదా? అది చెప్పు."

"లోపలికి పోలేదండి."

"అంటే పెట్టలేదు."

"పోలేదండి" అన్నాడతడు మళ్లీ, ఇంకా మెల్లగా. గుమస్తా కలం కదిలింది. చెప్పుల జత పట్టుకున్న ఆమె లేచి నిలబడి, "నీ చేతులు పడిపోనూ! నీ చేతులు పడిపోనూ!" అని అరిచింది. పక్కవాళ్లు ఆమెను పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ మనిషి మోకాళ్ల మధ్యనున్న తన చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారు తల తిప్పి నమూనా వైపు చూశాడు. కిటికీ వెలుగులో ఆ కీలు నిజమైన తుప్పులాగే ఉంది. తన చేతి మీద తనకు అసహ్యం కలగడం అతనికి అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం కార్ఖానా గుమ్మంలో ఒకావిడ నిలబడి, లోపలికి రాకుండానే, "ఆ వంతెన బొమ్మకి రంగులేసింది ఎవరు?" అని అడిగింది.

అందరి చూపులూ ఒకే బల్ల వైపు తిరిగాయి. ఆవిడ చెప్పులు విడిచి తిన్నగా అక్కడికే వచ్చింది. ఎండలో నడిచి వచ్చినందుకు ముఖం కందిపోయి ఉంది.

"మీరేనా అన్నయ్యా? నేను గ్రీజు పెట్టే ఆయన ఇంటిదాన్ని."

మాస్టారు లేచి ముక్కాలిపీట ముందుకు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"మా ఇంట్లో తలుపు కిర్రుమంటే ఆయనకి ముద్ద దిగదు. కుట్టుమిషను చప్పుడు మారితే పక్కింటికి వెళ్లి మరీ నూనె వేసొస్తాడు. అలాంటి మనిషి వంతెనకి తుప్పు పట్టనిచ్చాడని మీకెవరు చెప్పారు? మీరు చూశారా?"

"చూడలేదమ్మా."

"మరి?"

"ఊహించి వేశాను."

ఆవిడ అతని ముఖంలోకి కాసేపు చూసి, తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడో పారేసుకున్నట్టు నిలబడిపోయింది. యజమాని గాజు గదిలోంచి పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా, ఏంటి గొడవ? మేం బొమ్మలు చేసుకునేవాళ్లం. మాకేం తెలుసు? వాళ్లు చెయ్యమన్నారు, చేశాం."

"బొమ్మే కదా బాబూ. ఆ బొమ్మని చూసే మా ఆయన్ని జైల్లో పెడతామంటున్నారు. ఎల్లుండి ఆఖరి రోజంట."

మాస్టారు బల్లమీది సీసాలకు మూతలు బిగించి, చొక్కా తగిలించుకున్నాడు. "పదమ్మా, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. యజమాని ఏదో అనబోయి, ఆవిడ అక్కడే ఉన్నందున మింగేశాడు.

వాళ్ల ఇల్లు రేవుకు ఎంతో దూరం లేదు. రెండు గదులు. తలుపు తీస్తే నిజంగానే ఏ చప్పుడూ రాలేదు. గ్రీజు పెద్దాయన కిటికీ కింద నేల మీద కూర్చుని, పొరుగువాళ్ల కుట్టుమిషను చక్రం విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు. వచ్చిందెవరో భార్య చెప్పాక కూడా చేతిలో పని ఆపలేదు.

"పెద్దాయనా, తప్పు చేశాను" అన్నాడు మాస్టారు. "ఆ కీలు నేను చూడలేదు. తుప్పు నా సొంతం. రేపే కడిగేస్తాను. టర్పెంటైన్‌తో పోతుంది."

పెద్దాయన చక్రాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, కింద పెట్టాడు.

"కడిగితే అబద్ధం అవుతుంది తమ్ముడూ. తుప్పు ఉంది."

అతని భార్య గబుక్కున తిరిగింది.

"ఉంది" అన్నాడు పెద్దాయన ఆమెతో. తరువాత మాస్టారి వైపు తిరిగాడు. "నువ్వు వేసినంతా ఉంది. ఇంకా ఎక్కువే ఉంది. రంగు బాగా చూసి వేశావు. వరసే తప్పు."

"వరసా?"

"నువ్వు ముందు పచ్చరంగు వేసి, దాని మీద తుప్పు పట్టించావు. అక్కడ జరిగింది అది కాదు. ముందు తుప్పు. దాని మీద పచ్చరంగు. కీలు తినేస్తోంది, చీల మార్చండి అని చెప్తూనే ఉన్నాను. వానల ముందు తనిఖీకి పెద్దవాళ్లు వస్తారన్నారు. కంపెనీ సూపర్‌వైజరు కూలీల్ని పెట్టి, గీకించకుండా, తుడిపించకుండా, రాత్రికి రాత్రి పచ్చగా చేయించేశాడు. గ్రీజు పోసే చిల్లు కూడా రంగుతో పూడిపోయింది. సన్నని ఊచతో పొడిచాను, సూదితో పొడిచాను. గ్రీజు పైనే నిలిచిపోయేది కానీ లోపలికి పోలేదు. చెప్తే, ఇప్పుడు గెలికి రంగు పాడు చేస్తావా అని కసిరాడు."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదండీ ఇదంతా?" అని మాస్టారు అడిగాడు.

"చెప్పాను కదా. లోపలికి పోలేదని రెండుసార్లు చెప్పాను. ఆపైన అడిగితే కదా చెప్పడానికి!"

మాస్టారు నిర్ఘాంతపోయి కూర్చున్నాడు. తుప్పు ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న అనుకున్నాడు ఇంతసేపూ. రంగు పైన తుప్పు ఉంటే ఈ ముసలివాడు దోషి. తుప్పు పైన రంగు ఉంటే తెలిసి కప్పినవాళ్లు దోషులు. ఒకే రెండు పొరలు. వాటి క్రమం తారుమారు చేసి, తన చేతి నేర్పుతో, ఒక మనిషి మెడకు ఉరి బిగించాడు. ముందు వెనకలు ఎంచడమే జీవితమంతా చేసిన పని, అక్కడే తప్పాడు.

"దాని జోడు ఇంకోటి ఉంది" అన్నాడు పెద్దాయన, చేతులు తుడుచుకుంటూ లేచి. "అవతలి ఒడ్డున. రెంటికీ ఒకే రోజు రంగు వేశారు. చూస్తావా?"

ఇద్దరూ పడవలో నది దాటారు. అవతలి ఒడ్డున జోడు వంతెన పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. దాని మీదుగా జనం సంచులతో, సైకిళ్లతో, చంకల్లో పిల్లలతో వస్తూ పోతూ ఉన్నారు. ప్రతి అడుగుకూ కీలు దగ్గర సన్నని మూలుగు వినిపిస్తోంది. పెద్దాయన ఆ మూలుగు విన్నప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు.

ఇద్దరూ గట్టు దిగి కిందికి వెళ్లారు. మాస్టారు మోకాళ్ల మీద వంగి, తల పక్కకు వాల్చి చూశాడు. రంగు నునుపుగా లేదు. పాత గోడ సున్నం లేచినట్టు పొక్కులు పొక్కులుగా ఉబ్బి ఉంది. ఒక పొక్కు మీద బొటనవేలితో నొక్కాడు. అది కరకరమని పగిలి లోపలికి కుంగింది. పచ్చని పెంకు కింద నుంచి ముదురు గోధుమ పొడి రాలి, అతని మణికట్టు మీద పడింది. తాను ఏ సీసాలోంచి తీసినా సరిగ్గా కుదరని రంగు. గ్రీజు పోసే చిల్లు ఎక్కడో చూపమని అడిగాడు. పెద్దాయన వేలు పెట్టి చూపాడు. అక్కడ చిల్లు లేదు. చిన్న పచ్చని గుంట మాత్రం ఉంది.

ఏ చోటికి వెళ్లినా మట్టినో, సున్నాన్నో, పెచ్చునో తెచ్చి దాని పక్కన రంగులు కలిపి చూసుకోవడం మాస్టారికి అలవాటు. జేబులో ఎప్పుడూ చిన్న సీసా ఉంటుంది. పగిలిన పెచ్చునూ, దాని వెనక అంటుకున్న తుప్పునూ, రాలిన పొడినీ అందులో నింపి మూత బిగించాడు.

"ఎవరయ్యా అక్కడ? కిందికి దిగి ఏం చేస్తున్నారు?" పైనుంచి కాపలావాడు తొంగి చూశాడు. పెద్దాయనను గుర్తుపట్టి గొంతు మార్చాడు. "నువ్వా! నిన్ను ఈ చుట్టుపక్కలకి రానివ్వద్దన్నారు తెలుసా? పోనీ ఆయనెవరు?"

"చుట్టం" అన్నాడు పెద్దాయన.

"చుట్టాన్ని తీసుకుని ఇంటికెళ్లు మావా, నా ఉద్యోగం ఊడగొట్టకు."

సాయంత్రం భోజనాల దగ్గర మాస్టారు భార్యతో అంతా చెప్పాడు. కార్ఖానాలో అచ్చులో పోసిన కీలు ఇంకొకటి మిగిలి ఉందని, దానికి సరైన వరుసలో రంగులు వేసి పాతదాని స్థానంలో పెట్టవచ్చని, అయితే యజమానికి తెలిస్తే ఇన్నేళ్ల ఉద్యోగం పోతుందని, విచారణలో తనను ఎవరూ పిలవలేదని చెప్పాడు. ఆమె వింటూ వడ్డిస్తూ, అతడు ముద్ద ఎత్తకుండా కలుపుతూనే ఉండటం చూసింది.

"చూడకుండా వేసినప్పుడు లేని భయం, చూశాక వెయ్యడానికి వచ్చిందా?" అంది. మళ్లీ తానే, "ముందు తినండి. ఆ అన్నానికి కూడా పొరలు పెడుతున్నారు" అంది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈసారి ముందు తుప్పు. పొడి మీద పొడి అద్ది, గరుకుగా, లోహాన్ని లోపలికి తిన్నట్టు గుంటలు పడేలా చేశాడు. అది ఆరాక అక్కడక్కడ తడిపి ఉప్పు పలుకులు చల్లాడు. వాటి మీద పచ్చరంగు దట్టంగా పట్టించాడు, కావాలనే నిర్లక్ష్యంగా, కూలీ తొందరలో వేసినట్టు, మూలల్లో ముద్దలు కట్టేట్టు. గ్రీజు చిల్లును పచ్చరంగు చుక్కతో పూడ్చాడు. ఆరిన తరువాత మొండి కుంచెతో రుద్దితే ఉప్పు పలుకులు రాలి, వాటితోపాటు రంగు పెచ్చులు లేచి, కింది తుప్పు కన్ను తెరిచినట్టు కనిపించింది. సీసాలోని అసలు పెచ్చును పక్కన పెట్టి పోల్చి చూశాడు. తేడా లేదు. చూసి వేసిన పని కావడం చేత దాన్ని చూస్తే గర్వం కలగలేదు. ఊపిరి మాత్రం ఆడింది.

ఆఖరి రోజున విచారణ మొదలుకాక ముందు, చిన్న మరమ్మతు ఉందని గుమస్తాతో చెప్పి, పాత కీలు చీల లాగి కొత్తది దూర్చాడు.

ఇంజనీరు ముగింపు మాటలు చెబుతూ కర్రను అలవాటుగా కీలు మీద ఆనించి, "ఈ తుప్పు" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అధ్యక్షుడు వంగి చూశాడు.

"మొన్న ఇలా లేదు. ఎవరు మార్చారు?"

మాస్టారు లేచాడు. "నేనేనండి. మొన్నది నా ఊహండి. నేను చూడకుండా వేశాను. ఇది చూసి వేశాను. దీని జోడు అవతలి ఒడ్డున ఉందండి. దాని కీలు ఇలాగే ఉంది. ముందు తుప్పు, దాని మీద రంగు. గ్రీజు పోసే చిల్లు కూడా రంగుతో మూసేశారు. అందుకే ఆయన గ్రీజు లోపలికి పోలేదన్నాడండి. పెచ్చు తెచ్చాను."

సీసా చేతులు మారి అధ్యక్షుడి ముందుకు వెళ్లింది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి తిప్పాడు. "ఇది అక్కడిదే అని చెప్పేవారెవరు?"

"నాతో ఆయన ఉన్నారండి" అని మాస్టారు గోడవారగా ఉన్న కుర్చీని చూపించాడు. ఇంజనీరు చిన్నగా నవ్వాడు. ముందు వరుసల్లో కూడా ఎవరో నవ్వారు.

"అయితే ఆ వంతెన దగ్గరికే వెళదాం" అన్నాడు అధ్యక్షుడు. "ఈ మధ్యాహ్నమే."

ఇంజనీరు నవ్వు చెరగకుండానే లేచాడు. "తప్పకుండా వెళ్లవచ్చండి. కానీ ప్రజల భద్రత దృష్ట్యా దాన్ని నిన్ననే తీయించేశాం. ఇనుము అమ్మేశాం."

మాస్టారికి కాపలావాడి ముఖం గుర్తుకు వచ్చింది. తాము దిగి చూడకపోతే ఆ వంతెన ఇవాళ అక్కడే ఉండేది, మూలుగుతూ, సాక్షిగా.

అధ్యక్షుడు నిట్టూర్చి కళ్లద్దాలు తీశాడు. ఆయన కఠినుడు కాడు, అలసిపోయినవాడు. "చూడు బాబూ, ఒకే చేత్తో రెండు నిజాలు వేశావు. రెండూ చూడముచ్చటగా ఉన్నాయి. ఏది నమ్మమంటావు? ఈ నమూనాను లెక్కలోంచి తీసేయండి." సీసా తిరిగి మాస్టారి చేతికి వచ్చింది.

నమూనా పోయాక మిగిలినవి రెండే: గ్రీజు పెట్టలేదన్న సూపర్‌వైజరు మాట, గ్రీజు పెద్దాయన మాట. సూపర్‌వైజరు మాటకు కంపెనీ అంతా తోడుంది. సాయంత్రానికి గ్రీజు పెద్దాయన నిర్లక్ష్యమే కారణమని తేల్చి, అతన్ని పోలీసులకు అప్పగించమన్నారు.

మెట్ల మీద, ఇద్దరు పోలీసుల నడుమ నడుస్తూ, పెద్దాయన మాస్టారి దగ్గర ఆగాడు.

"నా వల్ల మొత్తం పోయింది" అన్నాడు మాస్టారు. "ఆ జోడు కూడా లేకుండా చేశాను."

"పోనీలే తమ్ముడూ. దాన్ని తీసేశారు కదా. అటుపక్క జనం ఇంక పడరు." పెద్దాయన నది వైపు ఒకసారి చెవి ఒగ్గి విన్నట్టు నిలబడి, కదిలాడు.

వారం తిరగక ముందే నమూనా కార్ఖానాకు తిరిగి వచ్చింది. కంపెనీ వారు దాన్ని కొనుక్కున్నారట. రేవు పక్కన కొత్త కార్యాలయంలో, ప్రవేశమందిరంలో, నది గాలి తగిలే చోట పెడతారట. పక్కనే కొత్త వంతెన బొమ్మ కూడా.

యజమాని మాస్టారి ముఖంలోకి చూడకుండా మాట్లాడాడు. "నిన్ను తీసెయ్యమనే అన్నారు. నేనే కాళ్లావేళ్లా పడ్డాను. ఇంక నోరెత్తకు. మొత్తం పచ్చగా చెయ్యమన్నారు. మరక ఉండకూడదు. కొత్తదానిలా మెరవాలి."

"అలాగేనండి" అన్నాడు మాస్టారు.

అతడు పచ్చరంగు డబ్బా మూత తీసి కలుపుతూ ఉండగా గ్రీజు పెద్దాయన భార్య గుమ్మంలోకి వచ్చింది. భర్తను చూసి వస్తున్నదని ఆవిడ చేతిసంచే చెబుతోంది. బల్లమీద వంతెననూ, డబ్బాలో పచ్చదనాన్నీ, అతని చేతిలో కుంచెనూ ఒకటొకటిగా చూసింది.

"మీరూ పైనుంచి పూసేస్తున్నారా, అన్నయ్యా?"

ఆ మాటలో కోపం లేదు. అది ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఇలా రామ్మా" అని ముక్కాలిపీట జరిపాడు. ఈసారి ఆవిడ కూర్చుంది. మాస్టారు జేబులోంచి చిన్న సీసా తీశాడు. ఇది దుకాణంలో కొన్న పొడి కాదు. అవతలి ఒడ్డున, మనుషుల బరువు కింద, ఏళ్ల తరబడి పుట్టిన తుప్పు. దాన్ని చిన్న కల్వంలో వేసి నూరాడు. ఆకురాయితో రాసి రాల్చిన ఇనుపరజను కలిపాడు. చిటికెడు ఉప్పు వేశాడు. బొమ్మకు తుప్పు పట్టించడానికి అతడు ఎన్నడూ ఇనుము వాడలేదు. ఇనుము వాడితే అది అక్కడితో ఆగదని, ఆ వృత్తిలో మొదటి రోజే నేర్పుతారు.

కీలు మీద, ప్రతి బోల్టు చుట్టూ, గ్రీజు చిల్లు లోపలా జిగురు రాసి, కల్వాన్ని ఆవిడ చేతికిచ్చాడు. "చల్లమ్మా."

ఆవిడ అర్థం కాక అతని వైపు చూసింది. తరువాత, పిండి చల్లినట్టు, వేళ్ల మధ్య నుంచి మెల్లగా చల్లింది. గోధుమ పొడి కీలంతా పరుచుకుంది. ఆవిడ వేళ్లకు కూడా అంటింది, ఆవిడ తుడుచుకోలేదు.

మాస్టారు నీటిలో కలిపే రంగునే ఎంచుకున్నాడు, తేమను ఆపే నూనె రంగు కాదు. వార్నిష్ సీసాకు మూత బిగించి అరలో పెట్టేశాడు. వెడల్పాటి కుంచెతో ఒక పూత, అది ఆరాక మరో పూత. పచ్చరంగు నునుపుగా, లోపం లేకుండా, వంతెననంతా కప్పింది. గాజు గదిలోంచి యజమాని చూసి, తృప్తిగా తల ఊపాడు.

ఆవిడ వంగి కీలు కిందికి తొంగి చూసింది.

"ఏం కనపడటం లేదే" అంది.

"ఇప్పుడు కనపడదమ్మా" అన్నాడు మాస్టారు, కుంచె కడుగుతూ. "నది గాలి తగలనీ."